ఆషాఢంలోనే అప్‌డేట్ చేసుకోండి: డీటీపీ షాపుల వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

పెళ్లిపత్రికల పని చేసేవాళ్లకి ఊపిరి తీసుకునే నెల ఆషాఢం. శ్రావణం వచ్చిందంటే మౌసు మీంచి చెయ్యి తీసే తీరిక ఉండదు. (హైదరాబాద్ వాళ్లకి బోనాల ఫ్లెక్సీలుంటాయి, ఆ సుఖం కూడా సగమే.) విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే ఆగిపోయింది. విండోస్ 11కి ఇంకా మారనివాళ్లు, పాత వెర్షన్లు పీకేసి సీ డ్రైవ్ ఖాళీ చేద్దామనుకుంటున్నవాళ్లు ఈ నెల్లోనే కానివ్వండి.

అయితే మన షాపుల సంగతి వేరు. వేరే ఆఫీసుల్లో పాత సాఫ్ట్‌వేర్ అంటే చెత్త. మనకి అదే తిండి పెడుతోంది. కార్డులు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఈనాటికీ దాంట్లోనే కార్డులు కొట్టేవాళ్లు ఎంతమంది లేరు! అందుకని ఏది తీసెయ్యాలో చూసేముందు, ఏది పోతే షాపు మూతపడుతుందో ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితంలో మొదటి మాట ఫాంట్లు. నేను దెబ్బతిన్నదీ అక్కడే. కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ ఫ్రెష్‌గా ఎక్కించి, పాత డిస్కుని కేబుల్‌తో తగిలించి విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకున్నాను. అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఒకాయన పాత కార్డునే పేర్లు మార్చి వెయ్యమంటే ఫైలు తెరిచాను. ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు! మనం తెలుగు కొట్టే అను ఫాంట్లు యూనికోడ్ (తెలుగు అక్షరాలకి వేరే కోడ్లుండే పద్ధతి) కావు కదా. ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు కోడ్లే, వాటిని తెలుగుగా గీసేది ఫాంటు. ఫాంటు లేకపోతే తెలుగే లేదు.

మరి ఫాంట్లన్నీ తెచ్చాను కదా అంటే, తేలేదు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి ఉత్త ‘ఇన్‌స్టాల్’ కొడితే అది విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లదు. యూజర్ పేరు కింద యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే దారిలో కూర్చుంటుంది. యాప్‌డేటా మామూలుగా కంటికి కనిపించదు, హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసి చూడాలి. రెండు చోట్ల నుంచీ కాపీ తీసుకోండి. ఈసారి ఎక్కించేటప్పుడు ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ నొక్కండి.

రెండోది ఇన్‌డిజైన్, పేజ్‌మేకర్ తర్వాత అడోబీ వాళ్లు తెచ్చిన పేజీల ప్రోగ్రాము. పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవగలిగిన ఆఖరి ఇన్‌డిజైన్ సీఎస్6. ఆ తర్వాత వచ్చిన సీసీ (క్రియేటివ్ క్లౌడ్) వెర్షన్లు వాటిని తెరవవు. మీ దగ్గర సీఎస్6 ఉండి, పదేళ్ల పేజ్‌మేకర్ ఫైళ్లు కూడా ఉంటే, జాగా కోసమని దాన్ని ముట్టుకోవద్దు. క్రియేటివ్ క్లౌడ్‌లో అప్‌డేట్ కొట్టేముందు పాత వెర్షన్లు తీసేసే ఆప్షన్ ఒకటుంటుంది, అక్కడ టిక్ ఉందేమో చూసుకోండి. కొత్త దాంట్లో సేవ్ చేసిన ఫైలు పాతది తెరవలేదు. ప్రెస్సు వాళ్లది పాత వెర్షనైతే పాతవి కూడా తెరవగలిగే ఐడీఎమ్ఎల్ రకం ఫైలుగా సేవ్ చేసి పంపాలి, లేదా పీడీఎఫ్ ఇవ్వాలి. ముందే ఫోన్ చేసి కనుక్కుంటే రాత్రి పదింటికి తిట్లు తప్పుతాయి.

విండోస్ 11 అన్నది 64 బిట్ మాత్రమే. 32 బిట్ విండోస్ 10 మీద నడిచే మరీ పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములు దాంట్లో కదలవు. అలాంటిదేదైనా వాడుతుంటే ఒక పాత సిస్టమ్‌ని నెట్ పీకేసి అలాగే ఉంచుకోండి.

ఇక శుభ్రం చేసే పని. విండోస్ మారాక సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ అని పెద్ద ఫోల్డర్ మిగులుతుంది. మామూలుగా పది రోజులకి దానంతటదే పోతుంది. వెనక్కి వెళ్లే దారీ ఆ పది రోజులే. పని అంతా సరిగ్గా నడుస్తోందని తేలకుండా ముందే తుడిచేశారంటే ఇక వెనక్కి రాలేరు. తుడిచేటప్పుడు కూడా సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అని వెళ్తే ఆ జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ కూడా ఉంటుంది. కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ మన షాపుల్లో పడి ఉండేది అక్కడే. ఆ టిక్ జోలికి పోవద్దు. 2018 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లే 1809 అప్‌డేట్‌లో పాత డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మిగిలిపోయాయనుకుని తుడిచే కోడ్ పెట్టారు. కొంతమంది అసలు ఫైళ్లు పోయి, విడుదలైన కొద్ది రోజులకే దాన్ని ఆపేశారు. చేసినవాళ్లకే అలా జరిగితే మనమెంత! కాబట్టి ముందు బయటి హార్డ్ డిస్కులోకి కాపీ, ఆ తర్వాతే డిలీట్. సిస్టమ్ రీస్టోర్ పాయింట్ మన ఫైళ్లని వెనక్కి తేదు, దాన్ని బ్యాకప్ అనుకోవద్దు.

ప్రోగ్రాముల జాబితాలో విజువల్ సీ ప్లస్ ప్లస్ 2005, 2008, 2010 అని వరసగా కనిపిస్తే పాతవని తీసెయ్యబుద్ధేస్తుంది. తియ్యకండి, ఒక్కో ప్రోగ్రాము ఒక్కోదాని మీద ఆధారపడి ఉంటుంది. విండోస్ లోపల ‘ఇన్‌స్టాలర్’ ఫోల్డర్ కూడా అంతే, ఎన్ని జీబీలున్నా సరే. ఫ్లాష్ ప్లేయర్ ఇంకా ఉంటే నిరభ్యంతరంగా పీకెయ్యండి, 2020తోనే దాని కథ ముగిసింది. పాత జావాలు కూడా తీసెయ్యొచ్చు, కాకపోతే టెండర్లకి డిజిటల్ సంతకం పెట్టే పక్క షాపాయన మీ సిస్టమ్ వాడుతుంటే ఆయన్ని అడిగి తియ్యండి. రార్ ఫైళ్లు విప్పే విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. 2023లో 6.23 కంటే ముందువాటిలో ఉన్న లోపాన్ని దొంగలు వాడుకున్నారు, ఫాంట్లు రార్ ఫైళ్లలో పంపుకునే మనకది ముఖ్యం. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) శుభ్రం చేస్తామనే క్లీనర్లు నా మాటగా అసలొద్దు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే మాల్‌వేర్ చొరబడి జనానికి చేరింది.

అంతా అయ్యాక ఒక పాత కార్డు తెరిచి ప్రింటు తియ్యండి. ‘జ్యేష్ఠ పుత్రిక’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ లాంటి మాటలున్నది చూసి తియ్యండి. దాన్ని అప్పటి కార్డు మీద పెట్టి ట్యూబ్‌లైటుకి అడ్డం పట్టి, ఒత్తులు ఒత్తుల మీద కూర్చున్నాయో లేదో చూడండి. జరిగాయంటే విండోస్ డాట్ ఓల్డ్‌ని ఇంకా తుడిచెయ్యొద్దు.