ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ లెక్క ఎలా చెప్పాలి?

కావాల్సినవి తెల్లకాగితాలు, ఒక పెన్సిలు, పక్కపక్కనే రెండు కుర్చీలు. బోర్డు వద్దు. రూళ్ల నోటుబుక్కు అసలే వద్దు, అందులో పటం ఇరుక్కుపోతుంది. పెన్సిలు ఎప్పుడూ విద్యార్థి చేతిలోనే ఉండాలి.

ముందు లెక్కను పైకి చదివించండి. ఇచ్చిందేమిటో, అడిగిందేమిటో సొంత మాటల్లో చెప్పించండి. తర్వాత వస్తువును విడిగా గీయించి, దాని మీద పనిచేసే బలాలకు బాణాలు వేయించండి. ఏ బాణం దేని వల్ల వచ్చిందో చెప్పలేకపోతే దాన్ని చెరిపించండి. ఇంతవరకు ఎవరైనా చేయిస్తారు.

చెడేది ఆ తర్వాతే. 30 డిగ్రీల వాలుతలం మీద 5 కిలోల దిమ్మెను కదలకుండా పెట్టి వదిలారు. స్థైతిక ఘర్షణ గుణకం (కదలని వస్తువును తలం ఎంత గట్టిగా పట్టి ఉంచగలదో చెప్పే అంకె) 0.7. ఘర్షణ బలం ఎంత? చాలామంది పిల్లలు వెంటనే "ఘర్షణ = గుణకం × తలం దిమ్మెను లంబంగా నెట్టే బలం" అనే సూత్రంలో వేసి 29.7 న్యూటన్లు అని రాస్తారు. మీరు "తప్పు, 24.5" అన్నారంటే ఇక ఆ లెక్క వల్ల ప్రయోజనం లేదు. వాళ్లు ఆ అంకెను రాసుకుంటారు, రేపు ఇంకో లెక్కలో మళ్లీ అదే తప్పు చేస్తారు.

తప్పని చెప్పకండి. "దిమ్మెను వాలు వెంట కిందికి లాగే బలం ఎంత?" అని అడగండి. 24.5 వస్తుంది. "మరి దిమ్మె ఎటు కదులుతుంది?" అని అడిగి ఊరుకోండి.

ఈ ఊరుకోవడమే కష్టం. పిల్లలు మన ముఖం చూస్తారు, మనం కాగితమే చూడాలి. పెన్సిలు లాక్కుని గీసి చూపించాలని చేయి లాగుతుంది. లాక్కోకండి. ఒకమ్మాయి నాలుగు నిమిషాలు అలాగే కూర్చుంది. నాకే టెన్షన్ వచ్చింది. ఉన్నట్టుండి "దిమ్మె దానంతటదే పైకెక్కుతోంది సార్!" అంది. 29.7 ఘర్షణకు గరిష్ఠ హద్దు అనీ, దిమ్మెను ఆపడానికి కావాల్సినంతే ఘర్షణ పుడుతుందనీ చెప్పాల్సింది అప్పుడే.

ఎంతకీ తట్టకపోతే ఇంకో చిన్న ప్రశ్న వేయండి: "వాలు తీసేసి దిమ్మెను బల్ల మీద పెడితే?" అదే సూత్రం ప్రకారం, ఎవరూ తోయకుండానే 34.3 న్యూటన్ల ఘర్షణ రావాలి. అది ఎటు పనిచేస్తుందో బాణం వేయమనండి.

ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, ఇంత తీరిక ఎక్కడిది, షార్ట్‌కట్‌లు నేర్పండి అనే తల్లిదండ్రులు ఉంటారు. నేను ఒప్పుకోను. ఆ 29.7 రాయించింది షార్ట్‌కట్టే. ఇలా నాలుగు లెక్కలు చేసిన పిల్లలు ఐదోదాన్ని పటం చూసే తేల్చేస్తారు.

చివరగా కోణాన్ని 45 డిగ్రీలు చేసి, దిమ్మె నిలుస్తుందా జారుతుందా అని అడగండి. ఈసారి చిన్న ప్రశ్న కూడా వేయకండి.