గజం దూరం నుంచి మోకాలు

రామంతపూర్‌లో మా మేడ మీద నేను మోకాలి దెబ్బ నేర్పుతాను. అక్కడ గుద్దులు, తన్నులు సాధన చేసే సంచి వేలాడే చోట నేల మీద మూడు ముగ్గు గీతలుంటాయి. సంచి అంచు నుంచి అడుగు దూరంలో ఒకటి, మూడడుగుల దగ్గర రెండోది, నాలుగున్నర అడుగుల దగ్గర మూడోది. సుద్దముక్కతో గీస్తే పిల్లల చెమటకే చెరిగిపోతుంది. ముగ్గుపిండిని నీళ్లలో కలిపి గుడ్డముక్కతో గీస్తే వారం ఆగుతుంది. వానాకాలంలో మాత్రం కింద ఓనరమ్మను రెండు రోజులకోసారి పిండి అడగాల్సిందే.

సాయంత్రం ఆరున్నర బ్యాచ్‌కి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటి గీత మీద నిలబడి, సంచిని వాటేసుకుని మోకాలు ఎత్తుతారు. నేను వాళ్లను రెండో గీతకు జరుపుతాను. ‘అక్కా, గింత దూరంకెళ్లి మోకాలు యాడ తగుల్తది?’ అని అడుగుతారు. తగులుతుంది. మెడ పట్టుకుని కొట్టినదానికంటే గట్టిగా కూడా తగులుతుంది, ఎందుకంటే అడుగు వేసి వస్తున్న మన ఒంటి బరువంతా దాని వెనక ఉంటుంది. అది ఎలా కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు మీరు ఆడే ఆటలో మోకాలికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. బాక్సింగ్‌లో లేదు. చైనా పోరాట క్రీడ వుషు సాండాలో లేదు. వాకో అనే ప్రపంచ సంఘం నడిపే కిక్‌బాక్సింగ్‌లో ఫుల్ కాంటాక్ట్, లో కిక్ విభాగాల్లో లేదు, కె-1 విభాగంలో ఉంది. థాయ్‌లాండ్ పోరాట క్రీడ ముయే థాయ్‌లో ఇది ప్రధానమైన ఆయుధం. క్యోకుషిన్ కరాటేలో మోకాలు కొట్టొచ్చు కానీ ఎదుటివాణ్ణి పట్టుకోకూడదు. కాబట్టి అక్కడివాళ్లకు పట్టు లేకుండా కొట్టే మోకాలు తప్పనిసరి విద్య. గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఎంఎంఏలో నిలబడి ఉన్నవాడికి కొట్టొచ్చు గానీ, అక్కడి ఉమ్మడి నియమాలైన యూనిఫైడ్ రూల్స్ ప్రకారం నేల మీద ఉన్నవాడి తలకు మోకాలు తగిలితే ఫౌల్. ఔత్సాహికుల పోటీల్లో ఇంకా కట్టుబాట్లు ఉంటాయి, పేరు ఇచ్చేముందే నిర్వాహకులను అడగండి.

ఇక దెబ్బ సంగతి. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక పెట్టి నిలబడేవాళ్ల కోసం రాస్తున్నాను. అటువైపు నిలబడేవాళ్లు కుడి ఎడమలు మార్చుకోండి. ఎడమ కాలి బొటనవేలు మూడడుగుల గీత మీద పెట్టండి. అక్కడి నుంచి ఎడమ కాలితో అడుగున్నర ముందుకు, కొద్దిగా బయటికి వేస్తారు. ఆ అడుగు నేల మీద పడుతుండగానే కుడి కాలు నేలను తన్ని లేస్తుంది. మడమ పిర్రకు తగిలేంతగా కాలు మడవాలి, కాలివేళ్లు నేల వైపు చూడాలి. అలా బాగా మడిస్తేనే మోకాలికి మొన వస్తుంది. సగం మడిస్తే చిప్ప చదునుగా వెళ్లి తగులుతుంది, ఆ నొప్పి మీకే.

ఇంతవరకు అందరూ ఒకటి రెండు రోజుల్లో పట్టేస్తారు. తర్వాతి భాగానికే నెలలు పడుతుంది. మోకాలు పైకి లేవడం దగ్గర ఆగిపోకూడదు, అక్కడి నుంచి ముందుకు దూరాలి. దాన్ని ముందుకు తోసేది తుంటి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు కాబట్టి పిల్లలను కిందికి తీసుకెళ్లి, డబుల్ స్టాండ్ వేసిన బండిని దించమంటాను. చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి, ముందుకు తోసేది మాత్రం నడుము కింది భాగం. బండి స్టాండు దిగి ముందుకు దూకే ఆ క్షణంలో తుంటి ఎలా కదిలిందో గుర్తుపెట్టుకుని మళ్లీ మేడెక్కమంటాను. చాలామందికి అప్పుడు దెబ్బ శబ్దమే మారిపోతుంది. సంచి ఊగడం తగ్గి, మధ్యలో మడత పడుతుంది.

తుంటి వెళ్లిందో లేదో మీరు ఒక్కరే సాధన చేస్తున్నా తెలుసుకోవచ్చు. ఎండాకాలంలో మా మేడ సాయంత్రం ఆరింటికి కూడా కాలుతూ ఉంటుంది, రెండు బకెట్ల నీళ్లు చల్లాకే మొదలుపెడతాం. ఆ తడి కాళ్లతో ఆరిన చోట అడుగు వేస్తే అచ్చు పడుతుంది. నేను పిల్లల మోకాలి కంటే ముందు ఆ అచ్చును చూస్తాను. నిలబడ్డ ఎడమ పాదం మొత్తం, మడమతో సహా అచ్చు పడితే తుంటి వెనకే ఉండిపోయిందని అర్థం. మునివేళ్ల కింది భాగం మాత్రమే పడి, అది కొంచెం బయటికి తిరిగి అలికినట్టు ఉంటే ఒళ్లంతా దెబ్బలోకి వెళ్లింది. పోయిన వేసవిలో ఒక డిగ్రీ అమ్మాయి మూడు వారాల పాటు నిండు పాదాల అచ్చులే వేసింది. తొడలో బలం ఉంది, భయమూ లేదు, మడమ మాత్రం లేవదు. బోనాల ఊరేగింపులో తీన్మార్ ఎలా వేస్తావో అలా నిలబడు అన్నాను. తీన్మార్ డప్పు వింటే మన పిల్లల మడమలు నేల మీద ఆగవు కదా. ఆ రోజు నాలుగో దెబ్బకు సగం అచ్చు పడింది. తను వంగి దాన్ని చూసుకుని, ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

చేతుల పని కూడా చెప్పాలి. ఎడమ చెయ్యి మీ గజంబద్ద. అడుగు వేసేటప్పుడే ఎడమ అరచెయ్యి చాచి ఎదుటివాడి గ్లవ్ మీదో నుదుటి మీదో ఆనించాలి. దానివల్ల అతనికి చూపు అడ్డుపడుతుంది, మీకు దూరం తెలుస్తుంది. అరచెయ్యి తగిలితే మోకాలూ తగులుతుంది. అరచెయ్యి తగల్లేదా, మోకాలు తీయొద్దు, అడుగు వెనక్కి వేసి మళ్లీ మొదలుపెట్టండి. చేతివేళ్లు కలిపి ఉంచండి, విచ్చుకున్న వేళ్లు ఎదుటివాడి కంట్లో పొడుచుకుంటాయి. కుడి చెయ్యి కణత దగ్గరే ఉండాలి. ఊపు కోసం కుడి చేతిని కిందికి విసిరే పద్ధతి ఉంది, తప్పని అనను, కానీ నా దగ్గర మొదటి మూడు నెలలు ఒప్పుకోను. కొత్తవాళ్లు చెయ్యి దించితే తిరిగి ఎత్తడం మరిచిపోతారు, అక్కడే హుక్, అంటే పక్క నుంచి తిరిగి వచ్చే గుద్దు, తగులుతుంది. నడుము పైభాగం కొద్దిగా వెనక్కి వాలాలి. తల గుద్దుకు అందనంత వాలితే చాలు, ఆకాశం కనిపించేంత వాలితే బరువంతా వెనక్కి పోతుంది.

ఎక్కడ కొట్టాలి? రొమ్ము ఎముక కింది గుంట మొదటి గురి. ఎదురుగా నిలబడ్డవాడి కాలేయం మీకు ఎడమవైపు, పక్కటెముకల కింద ఉంటుంది. కాబట్టి కాళ్లు మార్చి ఎడమ మోకాలితో కొట్టడం కూడా వచ్చి ఉండాలి.

ఊరికే నిలబడి చూస్తున్నవాడి మీదికి దూరం నుంచి మోకాలు విసిరితే మోచేతుల మీద పడుతుంది. మోచెయ్యి కొన తొడలో దిగితే రెండు రోజులు మెట్లెక్కలేరు. అందుకే ముందు తలుపు తెరిపించాలి. నాకు బాగా నచ్చినది రెండు జాబ్‌లు, అంటే ముందు చేత్తో వేసే తిన్నని గుద్దులు. మొదటిది మామూలుగా, రెండోది కళ్ల ఎత్తున, కొంచెం నిదానంగా. రెండోదానికి అతను గ్లవ్‌లు పైకి ఎత్తుతాడు, గ్లవ్‌లతో పాటు మోచేతులూ పక్కటెముకల మీద నుంచి లేస్తాయి. ఆ రెండో జాబ్ చేతిని వెనక్కి లాగకుండా అక్కడే అరచెయ్యిగా మార్చి ఆనించండి, మోకాలు దాని కిందుగా వెళ్తుంది. జాబ్ వేసి, చెయ్యి లాక్కుని, మళ్లీ చాచి కొట్టేసరికి తలుపు మూసుకుంటుంది. ఇంకో దారి, పాదంతో పొట్ట మీద నెట్టే టీప్ రెండుసార్లు నిజంగానే వేసి, మూడోసారి మోకాలు అంతే ఎత్తు లేపి దించడం. అతను టీప్‌ను తోసేయడానికి చెయ్యి కిందికి తెస్తాడు. దించిన కాలు ముందుకు వేసి రెండో మోకాలితో వెళ్లండి.

వీటన్నిటికంటే విలువైనది, ఎదుటివాడే నడిచి మోకాలి మీదికి రావడం. అతను కుడి గుద్దుతో ముందుకు వస్తున్నప్పుడు మీరు అడుగున్నర వేయనక్కర్లేదు, అరడుగు చాలు. దూరంలో సగం అతనే తగ్గిస్తాడు. 2019 జులైలో యూఎఫ్‌సీ 239 అనే ఎంఎంఏ పోటీలో హోర్హే మాస్విడాల్ ఎగిరి కొట్టిన మోకాలితో బెన్ ఆస్క్రెన్ ఐదు సెకన్లలో పడిపోయాడు. అందరూ ఆ ఎగరడమే చూస్తారు. నేను పిల్లలకు చూపించేది ఆస్క్రెన్‌ని. కుస్తీ పట్టు కోసం తల వంచి తనే ఎదురొచ్చాడు, మోకాలు అతని తల రాబోయే చోటికి వెళ్లింది. ఎగిరే మోకాలు మాత్రం మా దగ్గర మొదటి ఏడాది ఎవరికీ నేర్పను. నిలబడి కొట్టేది ఎలా ఉండాలో చూడాలంటే థాయ్‌లాండ్ ముయే థాయ్ ఆటగాడు డీజిల్‌నోయ్ పాత పోటీలు చూడండి. 1982లో సమార్ట్ పయకరూన్ లాంటి నేర్పరిని ఓడించిన మనిషి. పొడవాటి ఒళ్లు, వచ్చే మోకాలి వెనకే ఇంకో మోకాలు. పొట్టివాళ్లు ఆయన ఎత్తును అనుకరించలేరు గానీ ఆ తుంటిని అనుకరించొచ్చు.

మూడో గీత ఎందుకు గీశానంటే, అది కొట్టకూడని దూరం. పదేళ్ల కిందట ఒక రాష్ట్రస్థాయి పోటీలో, రెండో రౌండులో, అలసిపోయి దాదాపు అంత దూరం నుంచి మోకాలు విసిరాను. అరచెయ్యి తగల్లేదని తెలుసు, అయినా విసిరాను. మోకాలు నా ఎదుట ఆడుతున్నామె పొట్టకు జానెడు ఇవతలే ఆగింది. అంతకుముందు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడినదాన్ని, ముందుకు చాపిన రైడర్ కాలును యాంకిల్ హోల్డ్ ఎలా పడతారో నాకు బాగా తెలుసు. ఆమె అంతే సులువుగా నా కాలు చంకలో ఇరికించుకుని, నేను నిలబడ్డ కాలును తన కాలితో ఊడ్చి పడేసింది. ఎడమ మణికట్టు మీద పడ్డాను. ఆరు వారాలు కట్టు. ఎంఎంఏలో అయితే అలా పట్టిన కాలుతో మిమ్మల్ని నేల మీదికి తీసుకెళ్లి అక్కడే ఉంచేస్తారు. అందుకే ఇప్పుడు ఎవరి అరచెయ్యి తగలకపోయినా మేడ అవతలి నుంచి అరుస్తాను.

సాధనకు ఇసుక సంచి వద్దు. ఇసుక నెమ్మదిగా అడుగుకు దిగి రాయిలా గట్టిపడుతుంది, మోకాలు తగిలేది కూడా దాదాపు ఆ ఎత్తులోనే. దర్జీ షాపులో పేలికలు అడిగితే గోనెసంచి నిండా దొరుకుతాయి. అవి కూరి, మధ్యమధ్యలో కర్రతో దట్టించండి. మొదటి వారం సంచి కూడా వద్దు. గీత మీద నిలబడి గాలిలో నెమ్మదిగా, ఒక్కో వైపు ఇరవై. తర్వాత సంచి మీద రెండు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విశ్రాంతి. జంటగా చేసేటప్పుడు ప్యాడ్లు పట్టేవాళ్లు రెండు ప్యాడ్లనూ ఒకదాని మీద ఒకటి పొట్టకు గట్టిగా అదిమిపెట్టుకుని, బెల్లీ ప్యాడ్ కూడా కట్టుకోవాలి. స్పారింగ్‌లో, అంటే జంటగా చేసే సాధన పోరులో, మోకాలి మొనతో కొట్టనివ్వను, తొడ లోపలి భాగంతో తాకిస్తే చాలు. తలకు అసలే వద్దు. మౌత్‌గార్డ్, గజ్జల్లో కట్టుకునే గ్రోయిన్ గార్డ్ ఆడవాళ్లకూ మగవాళ్లకూ తప్పనిసరి. మోకాలి చిప్ప చుట్టూ వాపు కనిపిస్తే ఆ వారం మోకాళ్లు ఆపేసి జాబ్ పని చేసుకోండి.

దెబ్బ తగిలాక కాలు ఎక్కడ దించుతారన్నది చివరి సంగతి. ముందుకు దించితే మీరు క్లించ్ దూరంలో, అంటే ఒకరినొకరు పట్టుకునేంత దగ్గరలో, ఉంటారు, వెంటనే మెడ పట్టాలి. అక్కడ ఊరికే నిలబడితే మోచెయ్యో హుక్కో తింటారు. పట్టడం రానివాళ్లు ఎడమ అరచేతితో తోస్తూ, కుడి కాలు వచ్చిన దారినే వెనక్కి వేసి, మళ్లీ మూడడుగుల గీత మీదికి రావాలి. మా బ్యాచ్‌లో పదేసి మోకాళ్ల లెక్క పెట్టేటప్పుడు, తగిలినప్పుడు అంకె చెప్పరు. ఎడమ బొటనవేలు తిరిగి గీత మీద పడ్డాకే ‘ఒకటి’ అంటారు.