అజీర్తికి శొంఠి, వాము వాడి చూసే ముందు జాగ్రత్తలు

మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, వాంతులు ఆగకపోయినా, ఛాతీ నొప్పి చేతికి గాని దవడకు గాని పాకినా ఇంటి వైద్యం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గుండెపోటును గ్యాసు నొప్పిగా పొరబడడం చాలా ప్రమాదకరం.

ఒకసారికి ఒకే దినుసు వాడాలి. శొంఠి, వాము, జీలకర్ర కలిపి మరిగించి తాగితే దేనివల్ల కడుపు తేలికపడిందో, దేనివల్ల గుండెల్లో మంట పుట్టిందో తేల్చుకోలేము. పావు చెంచాతో మొదలుపెట్టి, తిన్నదీ, వేళా, ఫలితమూ రాసిపెట్టుకోవాలి.

రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు శొంఠి మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి. ఇంటి వైద్యంలో వాడే మరో దినుసు అతిమధురం రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గించగలదు కనుక బీపీ ఉన్నవారు దాన్ని మానుకోవాలి. గర్భిణులపై, పసిపిల్లలపై సొంత ప్రయోగాలు అసలే వద్దు.

పొడికంటే శొంఠి కొమ్ము కొని దంచుకోవడం మేలు. బూజు, పురుగు కంటికి కనబడతాయి.