కండోమ్ చినగలేదు, అయినా నిద్ర పట్టడం లేదా?

ఒంగోలులో మా మెడికల్ షాపుకి రాత్రి తొమ్మిది దాటాక, కౌంటర్ దగ్గర ఎవరూ లేకుండా చూసి వచ్చే కుర్రాళ్లు కొందరుంటారు. "అన్నా, మా ఫ్రెండ్‌కి ఒక డౌటు" అని మొదలుపెడతారు. ఆ ఫ్రెండ్ ఎవరో ఇద్దరికీ తెలుసు. సెక్స్ తర్వాత హెచ్‌ఐవి లాంటిదేమైనా అంటుకుందేమోనన్న భయమే ఆ డౌటు.

ముందు ఏం జరిగిందో, ఎన్ని రోజులైందో లెక్క వేయండి. ముద్దుతోనో, చేత్తోనో, బట్టల మీదనో అయిపోతే హెచ్‌ఐవి భయం అక్కర్లేదు. కండోమ్ మొదటి నుంచి చివరిదాకా ఉండి, చినగకపోయినా భయం దాదాపు లేనట్టే. చినిగిపోయి 72 గంటలు దాటకపోతే మాత్రం ఇది చదవడం ఆపి వెంటనే పెద్దాసుపత్రికి పొండి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, హెచ్‌ఐవి రాకుండా 28 రోజులు వేసుకునే మందులుంటాయి.

మూత్రంలో మంట

ఎక్కువగా చూసేది ఇదే. మే నెల ఎండలో సరిగా నీళ్లు తాగకపోతే ఎవరికైనా మండుతుంది. ఇంకో కారణం కూడా ఉంది, ఎవరూ చెప్పరు. చీము వస్తుందేమోనని బాత్రూంలో సెల్‌ఫోన్ లైటు వేసుకుని రోజుకి పదిసార్లు నొక్కి చూసుకుంటారు. ఆ నొక్కుడుకే లోపల ఒరుసుకుపోయి మంట పుడుతుంది. నొక్కడం మానండి, నీళ్లు తాగండి, రెండు మూడు రోజులు చూడండి. తగ్గకపోయినా, చీము కారినా గనేరియా లాంటిది ఉండొచ్చు. అది నోటితో చేసినప్పుడు కూడా అంటుకోగలదు. డాక్టరుకు చూపించి టెస్టు చేయించుకోండి. నా దగ్గర మాత్ర కొనుక్కుని దాచిపెట్టొద్దు.

కింద పొక్కులు

అంగం తల అంచు చుట్టూ ఒకే సైజులో వరసగా ఉన్న చిన్న చుక్కలు జబ్బు కాదు, అవి చాలామందికి ఉంటాయి. బ్లేడుతో గీసుకున్న చోట లేచినవీ అంతే. గజ్జల్లో దురద పెట్టే గుండ్రటి మచ్చ తామర. దానికి స్టెరాయిడ్ కలిసిన క్రీము పూస్తే నాలుగు రోజులు మాయమై మళ్లీ రెట్టింపు వస్తుంది. సెక్స్ జరిగిన సుమారు మూడు వారాలకి నొప్పి లేని పుండు లేస్తే సిఫిలిస్‌కి రక్తపరీక్ష, నీటి బొబ్బలు గుంపుగా లేచి నొప్పి పెడితే హెర్పిస్ అనుమానం. ఈ రెండూ కండోమ్ కప్పని చోట కూడా అంటుకోగలవు, అందుకే చూపించుకోవాలి.

జ్వరం, నీరసం, బరువు తగ్గడం

మూడో రోజే వచ్చిన జ్వరం హెచ్‌ఐవి జ్వరం కాదు. అది వచ్చినా మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకి వస్తుంది. తిండి మానేసి రాత్రంతా గూగుల్ చూస్తే బరువు తగ్గదా మరి!

నెగటివ్ వచ్చినా నమ్మకం లేదు

ఒకబ్బాయి పర్సులో ఆధార్ కార్డు పక్కన ఐదు రిపోర్టులు మడత పెట్టుకుని చూపించాడు. మొదటిది ఐదో రోజుది, దానికి అర్థమే లేదు. ల్యాబ్‌లో రక్తం తీసి చేసే నాలుగో తరం టెస్టు 45 రోజులకి, వేలి చుక్కతో చేసే కిట్ టెస్టు మూడు నెలలకి తేల్చి చెప్తాయి. అప్పుడు ఒక్కసారి చేయించుకుంటే చాలు. అప్పటికీ మనసు వదలకపోతే ఆరో రిపోర్టు కాదు, మానసిక వైద్యుడు కావాలి. నిద్ర పట్టనివ్వని ఈ టెన్షన్‌కీ మందుంది, సిగ్గేం లేదు.

ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లోని ఐసీటీసీలో (హెచ్‌ఐవి సలహా, పరీక్షల కేంద్రం) హెచ్‌ఐవి టెస్టు ఉచితం, ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. మీ వివరాలు బయట పెట్టకూడదని 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టమే చెప్తోంది. ఇంటి నుంచే అడగాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఓపీ దగ్గర నలుగురిలో ఐసీటీసీ ఎక్కడని అడగలేకపోతే, ఎర్ర రిబ్బన్ గుర్తున్న బోర్డు చూసుకుంటూ పోండి.