బెరడు మీది రాతిపువ్వు: పార్మోట్రెమా టింక్టోరమ్‌ను పోల్చుకోవడం

బిర్యానీలో వేసే రాతిపువ్వు పేరుకే రాతిది, చెట్ల బెరడు మీదా పెరుగుతుంది. అది పువ్వూ కాదు, మొక్కా కాదు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్. దుకాణంలో దొరికే పొట్లంలో తరచు రెండు మూడు జాతులు కలిసే ఉంటాయి. ఆ కుటుంబంలో వెడల్పాటి రెబ్బలున్న పార్మోట్రెమా టింక్టోరమ్‌ను పట్టుకోవడం నేర్చుకుంటే మిగతావి తేలికవుతాయి.

వెతకాల్సింది చీకటి అడవి నడుమ కాదు. వెలుతురు, గాలి, పొగమంచు మూడూ తగిలే చోట చూడాలి. కొండ ప్రాంతాల్లో దారి పక్క చెట్లు, తోటల్లో దూరదూరంగా ఉన్న గరుకు బెరడు చెట్లు మంచి చోట్లు. జామలా పొరలూడే బెరడు మీద ఇది కుదురుకోవడం కష్టం. గంధకపు పొగను తట్టుకోలేదు. అందుకే జపాన్‌లో నగరాల గాలి ఎంత చెడిందో తెలుసుకోవడానికి దీన్ని వాడారు.

కావలసినవి: 10 రెట్లు చూపే చేతి లెన్స్, బ్లేడు, కాగితపు కవర్లు, వాసన కలపని బట్టల బ్లీచ్, సన్నని డ్రాపర్.

రంగు ఎండినప్పుడే చూడాలి. తడిస్తే పైపొర పారదర్శకమై లోపలి శైవలం పచ్చగా కనబడుతుంది, బూడిద రంగు కాస్తా మాయమవుతుంది. ఎండిన టింక్టోరమ్ లేత బూడిద రంగులో ఉంటుంది. గుండ్రటి రెబ్బలు 1 నుంచి 2 సెం.మీ. వెడల్పు. తిరగేస్తే నడుమ నలుపు, పొట్టి నూగు. అంచు చుట్టూ నూగు లేని మెరిసే గోధుమరంగు పట్టీ.

అసలు తేడా పైముఖం మీదే ఉంది. లెన్స్‌లో పుల్లముక్కల్లాంటి సన్నని బుడిపెలు, అంటే ఇసిడియా, కనబడాలి. ఉత్త కంటికి అవి దుమ్ములాగే ఉంటాయి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వేలితో మెల్లగా రుద్దండి. గరుకుగా తగిలితే ఇసిడియా, పిండిలా రాలితే సోరీడియా. అంచున పిండి, దాంతో పాటు నల్లని వెంట్రుకలూ ఉంటే అది పార్మోట్రెమాలోనే మరో జాతి, పెర్లాటమ్ కావచ్చు. పిండి ఉండి వెంట్రుకలు లేకపోతే ఇంకో పార్మోట్రెమా జాతి, ఆస్ట్రోసైనెన్స్‌ను అనుమానించాలి. లేత ముక్కలో బుడిపెలు ఇంకా రాకపోవచ్చు కనుక నడుమ, ముదురు భాగం చూడండి.

తర్వాత బ్లీచ్ పరీక్ష. బ్లేడుతో పైపొరను గీకి తెల్లని లోపలి దూది బయటపెట్టి, దాని మీద ఒక్క చుక్క వేయండి. లెకనోరిక్ ఆమ్లం అనే లైకెన్ పదార్థం ఉండటం వల్ల టింక్టోరమ్ క్షణాల్లో ఎర్రబడుతుంది. ఆ ఎరుపు త్వరగానే వెలిసిపోతుంది, కళ్లు పక్కకు తిప్పకండి. పెర్లాటమ్ ఎర్రబడదు. ఆస్ట్రోసైనెన్స్ కూడా ఎర్రబడుతుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు, బుడిపెలు చూడాల్సిందే. ఎరుపు రాకపోతే బ్లీచ్ పాతబడిందేమో, ముక్క తడిగా ఉందేమో చూసుకోండి. ఖాయంగా తెలిసిన టింక్టోరమ్ ముక్క ఒకటి దగ్గర పెట్టుకుంటే బ్లీచ్ పని చేస్తోందో లేదో తేలిపోతుంది. బ్లీచ్‌ను ఏ ఆమ్లంతోనూ కలపకండి, విషవాయువు వస్తుంది.

నమూనాకు అంచుతో సహా 3 సెం.మీ. ముక్క చాలు, మొత్తం పెకలించకండి. రిజర్వు అడవిలోనైతే అనుమతి లేకుండా ఏమీ తీయకూడదు. ప్లాస్టిక్ సంచిలో బూజు పడుతుంది, కాగితపు కవరే వాడండి. దాని మీద చెట్టు పేరు, నేల నుంచి ఎత్తు, బెరడు ఏ దిక్కుకు ఉందో, తేదీ అక్కడికక్కడే రాయండి.