పొలం కొనేముందు – 3వ పాఠం: మోటార్ అప్పుడే ఆపనివ్వకండి

పోయిన రెండు పాఠాల్లో అసలు భూమి ఎందుకు కావాలో తేల్చుకోవడం, తర్వాత కాగితాలు చూసుకోవడం అయిపోయాయి కదా. ఈసారి కాగితాలు ఇంట్లో పెట్టేసి నేల మీదకి వెళ్దాం. 20 లీటర్ల బకెట్ ఒకటి, పొడుగాటి తాడు, దానికి కట్టడానికి చిన్న బరువు, కొలిచే టేపు, పలుగూ పారా, మూత గట్టిగా పట్టే గాజు సీసాలు రెండు మూడు పట్టుకెళ్ళండి. స్టాప్‌వాచ్ ఎలాగూ ఫోన్‌లో ఉంటుంది. ఉదయాన్నే బయల్దేరండి, ఈ పని గంటలో అయ్యేది కాదు.

ముందు నీళ్ళు. చాలామంది మట్టి రంగు చూసి, చుట్టూ పచ్చదనం చూసి మనసు పారేసుకుంటారు, నీళ్ళ సంగతి చివర్లో అడుగుతారు. నేను తిరగేసి చెప్తాను, ఎందుకంటే మట్టి బాగోకపోతే నాలుగైదేళ్ళు కష్టపడి ఎరువేసి కొంత బాగు చేసుకోవచ్చు, రోడ్డు లేకపోతే డబ్బు పెట్టి వేయించుకోవచ్చు, కానీ భూమి లోపల లేని నీళ్ళని ఎవ్వరూ తెచ్చి పెట్టలేరు.

నేను మొదటిసారి భూమి చూడ్డానికి వెళ్ళినప్పుడు మేం దిగేసరికే మోటార్ వేసి ఉంచారు, పైపు నిండుగా తెల్లగా దూకుతున్నాయి నీళ్ళు, చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది. పది నిమిషాలయ్యాక వాళ్ళు ఆపబోతుంటే నాతో వచ్చిన పెద్దాయన, బోర్ల పని చేసి చేసి తల పండినాయన, "ఆపకండి బాబూ, ఇంకాసేపు నడవనివ్వండి" అని పైపు పక్కనే రాయి మీద కూర్చున్నారు. అరగంట బాగానే వచ్చాయి. గంట దాటాక ధార పల్చబడింది, గంటన్నరకి పైపు గాలీ నీళ్ళూ కలిపి కక్కడం మొదలెట్టింది, తర్వాత ఉత్త గాలి. ఆ రోజు ఆయన రాకపోయుంటే నేను అడ్వాన్స్ ఇచ్చేసేవాణ్ణి, అందులో అనుమానం లేదు.

ఆ పది నిమిషాల్లో వచ్చింది ఏంటంటే బోరు గొట్టంలో రాత్రంతా నిలబడ్డ నీళ్ళు, భూమి కొత్తగా ఇస్తున్నవి కాదు. భూమి ఎంత ఇస్తుందో తెలియాలంటే నిలవ అయిపోయాక చూడాలి. అందుకే టెస్ట్ ఇలా చెయ్యండి. మోటార్ వెయ్యకముందు నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలవండి. బావి అయితే తాడుకి బరువు కట్టి వదిలితే ఎక్కడిదాకా తడవలేదో అదే లోతు. బోరైతే మాత్రం మీరు తాడు వదలొద్దు, లోపల మోటార్ కేబుల్‌కి చుట్టుకుందంటే పెద్ద తలనొప్పి, బోర్ మెకానిక్‌ని పిలిపించి కొలిపించండి, ఆ ఖర్చుకి వెనకాడకండి. తర్వాత మోటార్ వేసి బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో రాసుకోండి, అరగంటకోసారి మళ్ళీ చూడండి. కనీసం నాలుగు గంటలు నడవాలి, రోజంతా నడిపితే ఇంకా మంచిది. ఆపాక కూడా వెళ్ళిపోకండి, నీళ్ళు మళ్ళీ పాత మట్టానికి రావడానికి ఎంతసేపు పట్టిందో అది చాలా ముఖ్యం. గంటలో తిరిగొచ్చే బావీ, మర్నాటిదాకా రాని బావీ ఒకటి కాదు.

ఇప్పుడు చిన్న లెక్క, నోట్‌బుక్ తీయండి. నాలుగు గంటల తర్వాత కూడా 20 లీటర్ల బకెట్ 10 సెకన్లలో నిండుతోంది అనుకుందాం, అంటే సెకనుకి 2 లీటర్లు, గంటకి 7,200 లీటర్లు. ఎండలు గట్టిగా ఉన్నప్పుడు పంటకి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలనుకోండి, పంటనిబట్టీ వాతావరణాన్నిబట్టీ ఎక్కువ తక్కువలు ఉంటాయి. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు అంటే సరిగ్గా 1 లీటరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరానికి రోజుకి 20 వేల లీటర్ల పైచిలుకు, అంటే మోటార్ దాదాపు 2 గంటల 50 నిమిషాలు నడవాలి. ఐదెకరాలకైతే 14 గంటలు! అన్ని గంటలు కరెంటు ఉంటుందా, ఉన్నా ఆ బోరు అంతసేపు ఇస్తుందా? డ్రిప్ పెడితే వృథా తగ్గుతుంది నిజమే, కానీ పంట తాగేది పంట తాగాల్సిందే. ఈ లెక్క వేసుకోకుండా "నీళ్ళకేం ఢోకా లేదండీ" అన్న మాట నమ్మి కొన్నవాళ్ళ బాధ నేను దగ్గర్నుంచి చూశాను కాబట్టే ఇంత సాగదీసి చెప్తున్నా.

ఇంకో సంగతి, ఈ టెస్ట్ ఎండాకాలం చివర్లో చెయ్యాలి. వానలప్పుడు ప్రతి బావీ మంచిదే. అలాగని వానాకాలం వెళ్ళొద్దని కాదు, అప్పుడు ఇంకోసారి వెళ్ళండి, పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్తే నీళ్ళు ఎక్కడ నిలిచాయో, పక్క పొలం నీళ్ళన్నీ మీ మీదకే వస్తున్నాయో కళ్ళారా కనిపిస్తుంది. వాన లేకపోయినా గుర్తులుంటాయి, పొదల్లో కాస్త ఎత్తులో చిక్కుకున్న చెత్త, చెట్ల మొదళ్ళ మీద బురద గీత, ఒక మూలంతా గుబురుగా తుంగ. ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ళు ఆ మూలకి దూరంగా ఉండండి.

నీళ్ళ శాంపిల్ కూడా ల్యాబ్‌కి పంపండి. తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, ఇవి రుచి చూస్తే తెలిసేవి కాదు. పంటకైతే ఉప్పు ఎంతుందో, సోడియం ఎంతుందో అడగండి.

మట్టికి వద్దాం. పైపైన గుప్పెడు తీసి చూస్తే సరిపోదు, రెండు మూడు చోట్ల మూడడుగుల లోతు గొయ్యి తీయండి, ముందే యజమానిని అడిగి. గోడ నున్నగా చెక్కి చూడండి. పైన మంచి మట్టి ఎంత మందం ఉంది, ఎక్కడ రాయి తగిలింది, వేళ్ళు ఎంతదాకా దిగి ఆగిపోయాయి. లోపల బూడిద రంగులో తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే ఆ నేల ఏడాదిలో కొన్నాళ్ళు నీళ్ళలో నానుతుందన్నమాట. నేల పైన తెల్లగా పొక్కులా పేరుకుని ఉంటే ఉప్పు తేలుతోందని అనుమానించాలి.

ఒక ముద్ద తడిపి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి రిబ్బన్‌లా నొక్కుతూ పోండి. రెండంగుళాలకన్నా పొడుగ్గా సాగితే బంకమన్ను, అంగుళం లోపే తెగితే గుల్ల నేల, అస్సలు సాగకపోతే ఇసుక. కొంచెం మట్టి సీసాలో మూడోవంతు పోసి, మిగతా నీళ్ళు నింపి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి ఐదు నిమిషాలు బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుక్కి చేరుతుంది, ఒండ్రు రెండు గంటల్లో, బంక మర్నాటికి కూడా పూర్తిగా దిగకపోవచ్చు. ప్రతి పొర ఎక్కడిదాకా వచ్చిందో సీసా మీద పెన్నుతో గీత పెట్టుకుంటూ పోండి, రెండో రోజు ఆ గీతలు కొలిస్తే ఏది ఎంత పాలో తెలిసిపోతుంది. ఇంట్లో కిటికీ గట్టు మీద వరసగా మూడు సీసాలు, మూడింట్లో మూడు రకాల గీతలు చూసినప్పుడే నాకు ఒకే పొలంలో ఇన్ని నేలలుంటాయని అర్థమైంది. పోషకాల సంగతి మాత్రం సీసా చెప్పదు, దానికి ల్యాబ్ టెస్టే.

ఇల్లు కట్టే ఆలోచన ఉంటే ఇంకొకటి. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి, మర్నాడు మళ్ళీ నింపి గంటలో ఎన్ని అంగుళాలు దిగిందో చూడండి. అంగుళం కూడా దిగకపోతే మామూలు సెప్టిక్ ట్యాంక్ నీళ్ళు అక్కడ ఇంకడం కష్టం, ఇంజినీర్‌ని అడక్కుండా ముందుకెళ్ళకండి.

ఈసారికి హోంవర్క్: మీరు చూస్తున్న భూమి నుంచి మూడు చోట్ల మట్టి తెచ్చి సీసాల్లో పెట్టండి, ఏ సీసా ఏ మూలదో చీటీ అంటించండి, లేకపోతే మర్నాటికి కలిసిపోతాయి. బకెట్ లెక్క కూడా రాసి పెట్టుకోండి. 4వ పాఠంలో హద్దులూ దారీ చూద్దాం. అప్పటిదాకా ఫోన్‌లో మ్యాప్ చూసి హద్దు రాయి పాతించకండి, ఆరుబయట కూడా ఫోన్ 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చదరంగా ఉన్న ఎకరంలో ఒక్క పక్క 5 మీటర్లు పోయిందంటే ఎకరంలో దాదాపు 8 శాతం పోయినట్టే.