త్రీ-ఫేజ్ రెక్టిఫయర్లు, 5వ పాఠం: కెపాసిటర్ బ్యాంకు తీర్చలేని లోటు

ఈ పాఠంలో 12-పల్స్ రెక్టిఫయర్‌ను (ఏసీని డీసీగా మార్చేటప్పుడు ఒక్కో సైకిల్‌కు 12 పల్సులు ఇచ్చే అమరికను) మొదలుపెట్టాలనుకున్నాను గానీ, గత పాఠంలోని అభ్యాసానికి వచ్చిన సమాధానాలు చదివాక దానిని వాయిదా వేయక తప్పలేదు. 400 వోల్టుల, 50 హెర్ట్జ్ సరఫరా మీద ఒక డయోడ్ బ్రిడ్జి (ఆరు డయోడ్ల, ఆరు పల్సుల రెక్టిఫయర్), దాని వెనుక పెద్ద కెపాసిటర్, లైన్ కరెంటులో 80 శాతం టీహెచ్‌డీ (50 హెర్ట్జ్ భాగమైన ఫండమెంటల్‌తో పోలిస్తే, దాని గుణిజాల దగ్గర ఉండే హార్మోనిక్‌లు మొత్తం ఎంతో చెప్పే కొలత), పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజంగా పనిచేసే పవర్ వంతు) 0.78; దీనిని మెరుగుపరచమని అడిగితే, ఎక్కువమంది సరఫరా వైపు కెపాసిటర్ బ్యాంకు పెట్టాలని రాశారు. వారి గుణకారాలు, భాగహారాలు సరిగానే ఉన్నాయి. రోగమేమిటో చూడకుండా మందు రాయడమే పొరపాటు.

పవర్ ఫ్యాక్టర్ రెండు సంఖ్యల లబ్ధం. ఫండమెంటల్ కరెంటు వోల్టేజీ కంటే ఎంత వెనుకబడిందో చెప్పే కాస్ ఫై మొదటిది. మొత్తం ఆర్‌ఎంఎస్ కరెంటులో (వేడి పుట్టించే ప్రభావాన్ని బట్టి కొలిచే విలువలో) ఫండమెంటల్ వంతు ఎంతో చెప్పేది రెండవది. టీహెచ్‌డీ 0.8 అయినప్పుడు ఆ రెండవ సంఖ్య, ఒకటిని 1.64 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 0.78. అంటే లోటంతా ఇక్కడే ఉంది. డయోడ్ బ్రిడ్జిలో కాస్ ఫై ఎలాగూ ఒకటికి చేరువలోనే ఉంటుంది కాబట్టి, కెపాసిటర్ బ్యాంకు సరిదిద్దడానికి అక్కడ ఏమీ మిగలలేదు. కాస్ ఫైని మాత్రమే కొలిచే మీటరు 0.99 చూపించి మనల్ని మభ్యపెట్టేది కూడా ఇందువల్లనే.

కెపాసిటర్ బ్యాంకు కేవలం నిరుపయోగమైతే నేను ఇంత విసుక్కునేవాణ్ణి కాదు. సరఫరా ఇండక్టెన్సుతో కలిసి అది సమాంతర రెజొనెన్సును, అంటే ఒకానొక పౌనఃపున్యం దగ్గర కరెంటు రెండింటి మధ్య ఊగి పెరిగే స్థితిని, ఏర్పరుస్తుంది. ఆ రెజొనెన్స్ ఏ హార్మోనిక్ దగ్గర వస్తుందో తెలియాలంటే, షార్ట్ సర్క్యూట్ సామర్థ్యాన్ని (ఆ చోట షార్ట్ అయితే సరఫరా ఇవ్వగలిగే ఎంవీఏని) బ్యాంకు కేవీఏఆర్‌తో (దాని రియాక్టివ్ పవర్ రేటింగుతో) భాగించి వర్గమూలం తీయాలి. 10 ఎంవీఏ ఉన్న చోట 400 కేవీఏఆర్ పెడితే 25కు వర్గమూలం, అంటే సరిగ్గా 5 వస్తుంది. ఆరు పల్సుల బ్రిడ్జి అన్నిటికంటే ఎక్కువగా పుట్టించేది 5వ హార్మోనిక్‌నే కాబట్టి, ఆ 250 హెర్ట్జ్ కరెంటు బ్యాంకుకూ ట్రాన్స్‌ఫార్మరుకూ మధ్య అనేక రెట్లు పెరిగి తిరుగుతుంది. ఫ్యూజులు పోతాయి, కెపాసిటర్లు ఉబ్బుతాయి. అదే చోట మోటార్ల కోసం బ్యాంకు తప్పనిసరి అయితే దానికి వరుసగా 7 శాతం డీట్యూనింగ్ రియాక్టర్ (రెజొనెన్సును హార్మోనిక్‌ల కిందికి జరిపే ఇండక్టర్) జోడించాలి. అప్పుడు ఆ శాఖ 189 హెర్ట్జ్‌కు ట్యూన్ అయి, 5వ హార్మోనిక్ దగ్గర ఇండక్టరులా ప్రవర్తిస్తుంది.

అసలు మందు చోక్, అంటే కరెంటు దారిలో వరుసగా పెట్టే ఇండక్టర్. ఫండమెంటల్ కరెంటు 20 ఆంపియర్లు అనుకుంటే, ఫేజు వోల్టేజీ 231ని 20తో భాగిస్తే 11.55 ఓమ్‌లు, అందులో 3 శాతం 0.346 ఓమ్, 50 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 1.1 మిల్లీహెన్రీ. ప్రతి లైనులో ఇంత చోక్ పెడితే టీహెచ్‌డీ సుమారు 40 శాతానికి, పవర్ ఫ్యాక్టర్ 0.93 దగ్గరకు వస్తాయి. డీసీ బస్ వోల్టేజీ 540లో ఎనిమిది, తొమ్మిది వోల్టులు తగ్గుతుంది గానీ, ఆ తగ్గుదలను నష్టంగా లెక్కించకండి. అది కమ్యుటేషన్ వల్ల, అంటే కరెంటు ఒక డయోడు నుంచి మరోదానికి మారడానికి పట్టే సమయం వల్ల, వచ్చిన తగ్గుదల. వేడిగా పోయేది చోక్ తీగ నిరోధంలోనూ కోర్‌లోనూ మాత్రమే. డీసీ వైపు చోక్ పెడితే ఈ తగ్గుదల ఉండదు. అయినా లైన్ సర్జుల నుంచి డయోడ్లను కూడా కాపాడుతుందని నేను ఏసీ వైపునే ఎంచుకుంటాను.

దక్షత కోసం తక్కువ డ్రాప్ ఉన్న డయోడ్లు వెతుకుతున్నవారికి ఒక మాట. ఒక్కో వోల్టు చొప్పున రెండు డయోడ్లలో, 25.6 ఆంపియర్ల దగ్గర, పోయేది 51 వాట్లు, లోడు తీసుకునే 13.9 కిలోవాట్లలో అది 0.4 శాతం కూడా కాదు. చోక్ పెట్టాక ఆర్‌ఎంఎస్ కరెంటు 25.6 నుంచి 21.5 ఆంపియర్లకు దిగుతుంది కాబట్టి, కేబుళ్లలో రాగి నష్టం దాదాపు 29 శాతం తగ్గుతుంది.

డీసీ చోక్‌ను ఎంత పెంచినా ఆరు పల్సుల బ్రిడ్జి టీహెచ్‌డీ 31 శాతం దగ్గరే ఆగిపోతుంది. 5, 7 హార్మోనిక్‌లను రద్దుచేసే 12-పల్స్ అమరిక అవసరమయ్యేది అక్కడే. దానిని వచ్చే పాఠంలో చూద్దాం.

అభ్యాసం: షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 12 ఎంవీఏ. బ్యాంకులో 50 కేవీఏఆర్ మెట్లు ఐదున్నాయి. ఒక్కో మెట్టు చేరినప్పుడల్లా రెజొనెన్స్ ఎక్కడికి జరుగుతుందో లెక్కించి, ఏ రెండు స్థితులు ప్రమాదకరమో, ఎందుకో రాయండి. మిగిలిన మూడు స్థితులు ఎందుకు క్షేమమో కూడా చెప్పనిదే సమాధానం పూర్తికాదు.